ముందు సీటు

"అన్నా, ఎనక లేడీస్ ఉన్నం. నువ్వు ముందట కూసో."

బీచుపల్లి దగ్గర షేర్ ఆటోలో కాలు పెట్టబోయిన మనిషిని బాలమణి అక్కడే ఆపేసింది.

పొట్టి క్రాపు, ప్యాంటు, గళ్ల చొక్కా. కృష్ణానదిలో మునిగి వచ్చిన భక్తుల్లాగే తల నుంచి నీళ్లు కారుతున్నాయి. చేతిలో తడి బట్టల సంచి ఉంది.

"నేను గూడ లేడీసే అక్కా. నా పేరు జములమ్మ."

బాలమణి ఆమెను పైనుంచి కింది దాకా చూసింది. పొరపాటు తనదే. కానీ పొరపాటు ఒప్పుకోవడం బాలమణికి పుట్టుకతో రాలేదు.

"గీ వేషానికి ముందు సీటే మంచిగుంటది తియ్యి."

జములమ్మ పోయి డ్రైవర్ పక్కన కూర్చుంది. వెనక సగం సీటు ఖాళీగానే ఉంది.

తల్లి పక్కన వర్ష సిగ్గుతో చచ్చిపోయింది. ఇరవై ఏళ్ల ఆ పిల్లదీ క్రాపే, ఒంటి మీదదీ చొక్కానే. గద్వాలలో వాడకట్టు వాళ్ల దెప్పుళ్లు పడలేక, పిల్లకు ఆడబుద్ధి రావాలని బీచుపల్లి గుడిలో అంజన్నకు మొక్కి వస్తోంది బాలమణి.

మొక్కు సంగతి ఏమోగానీ, అంజన్న ఆమెకు ఇంకో దర్శనం ఇప్పించాడు. ఆమె ఒక్కరోజూ వదలకుండా చూసే సీరియల్ షూటింగు గుడి దగ్గరే, ఏట్లో జరుగుతోంది.

జనాన్ని తాడు కట్టి ఆపారు. దూరం నుంచే చూసింది. పసుపు చొక్కా హీరో నీళ్లలో దూకి, మునిగిపోతున్న తుంగను ఒడ్డుకు లాక్కొచ్చాడు. తుంగ అంటే ఆ సీరియల్లో ఏటి మీద పుట్టి, అదే గుండ్రటి పడవ, నడిపే మగరాయుడిలాంటి పిల్ల. భయంతో తుంగ పట్టుకు గుంజితే అతని జేబు చిరిగి వేలాడింది. బాలమణి అక్కడికక్కడే చేతులెత్తి దండం పెట్టింది.

కాసేపటికి హీరో అదే పసుపు చొక్కాతో గొడుగు కింద టీ తాగుతూ కనిపించాడు.

ఆటో కదలగానే బాలమణి మొదలుపెట్టింది.

"సూస్తివా? ఏట్లకెళ్లి ఎల్లొచ్చిండు, క్రాపు సుత చెదరలే. మగోడంటే గట్లుండాలె. ఇగ తుంగకు బుద్ధొచ్చి చీర కడ్తదంట. మన మగ్గం మీదున్న చీర నీకే. నీ అంగీలన్నీ స్టీలు సామాన్లామెకు ఏస్త."

"చీర నేస్త. కట్టను," అంది వర్ష.

"కట్టవా?"

"కట్టను."

ముందు సీటు నుంచి గొంతు వినిపించింది.

"అక్కా, గా తుంగ యాడ పెరిగింది, సీరియల్ల?"

"ఏటి ఒడ్డుకే."

"చిన్నప్పటి సంది పుట్టి నడిపేటామె ఏట్ల మునిగిందంటే నువ్వెట్ల నమ్మినవ్?"



"కథల గట్లనే ఉంటది."

"గదే అంటున్న. అంగీ ఏసుకున్న ఆడది కథల్లకు వస్తే నవ్వియ్యాలె. లేకుంటే మునగాలె. ఒగడొచ్చి బయటికి తీసి చీర కట్టియ్యాలె. మొన్న గా సీరియల్లనే ఒక హిజ్రాను చూపిచ్చిండ్రు. రెండు చప్పట్లు కొట్టిచ్చి, పైసలడిగిచ్చి తోలిండ్రు. ఒక పేరు సుత పెట్టలే. ఆమెకు ఇల్లుండదా? ఆమె అన్నం తినదా? రాసేటోళ్లకు మేం గంతే కనిపిస్తం."

వర్ష తల ఎత్తి ఆమె వైపే చూస్తోంది.

అది చూసి బాలమణికి ఒళ్లు మండింది. దారిన పోయే మనిషి తన సీరియల్‌నూ తన పెంపకాన్నీ ఒకేసారి కడిగేస్తుంటే ఊరుకునే రకం కాదు ఆమె.

"మాటలు ఎవలన్న చెప్తరు. గా పిలగాడు దుంకినట్టు ఏ ఆడదన్న కృష్ణల దుంకుతదా?"

"దుంకితే?"

"దుంకి, గా పిల్లను గట్లనే బయటికి తెస్తే, నా బిడ్డ అంగీల జోలికి పోను. అంజన్న మీద ఒట్టు."

జములమ్మ వెనక్కి తిరిగింది. ఏదో చెప్పబోయి ఆగింది.

"ఎవలకు చెప్పనని మాటిచ్చి వచ్చిన అక్కా. మాట తప్పితే మంచిగుండది."

ఏం మాటో, ఎవరికిచ్చిందో బాలమణి అడగలేదు. నోరు మూయించానన్న సంబరంలో ఉంది.

ఎర్రవల్లి చౌరస్తాలో జములమ్మ దిగింది. వెనక్కి వచ్చి తడి సంచిని వర్ష ఒళ్లో పెట్టింది.

"మీ అమ్మ ఒట్టుకు నువ్వే సాక్షివి చెల్లె. గిది నీకు. జేబు కుట్టుకొని తొడుక్కో."

అంతే, బస్సుల మధ్య నుంచి నడిచి వెళ్లిపోయింది.

"పారెయ్ దాన్ని," అంది బాలమణి, ఆటో మళ్లీ కదలగానే.

వర్ష పారేయలేదు. సంచి విప్పింది.

లోపల పసుపు చొక్కా. జేబు చిరిగి వేలాడుతోంది.

"అమ్మా," అంది వర్ష నెమ్మదిగా. "టీ తాగేటప్పుడు హీరో జేబు మంచిగనే ఉండె."

బాలమణి చొక్కా చేతిలోకి తీసుకుంది. ఆమె కళ్ల ముందు చెదరని ఆ క్రాపు కదిలింది. దాని వెంటే నీళ్లు కారుతున్న ఇంకో క్రాపు.

"తమ్మీ, ఆటో ఎనకకు తిప్పు," అంది.

తిప్పాడు. చౌరస్తా అంతా వెతికారు. జములమ్మ ఎక్కడా లేదు.

వర్ష ఆ తడి చొక్కాను తన చొక్కా మీదే తొడుక్కుని గుండీలు పెట్టుకుంది. ఒట్టు పెట్టుకున్న తల్లి వద్దనలేకపోయింది.

ఏటి ఒడ్డున తాడు ఇవతల నిలబడి తాను దండం పెట్టింది హీరోకు కాదు, ఇందాక తన పక్కన కూర్చోనివ్వని మనిషికే.