తొక్క తీసిన ఆపిల్

పెళ్లైన కొత్తలో మా పెద్ద తోడికోడలు సుభాషిణి ఆపిల్ ముక్కలు తను తిని, తొక్కలు నా పళ్లెంలోకి తోసింది. "నీకివి చాల్లే" అంది.

వంటింట్లో మాట్లాడే కత్తి నన్ను ఓదార్చింది. ఒంటికి ముసలితనం రానివ్వని యాంటీ ఆక్సిడెంట్లు ఎక్కువుండేది తొక్కలోనేనట, అందులోనూ ముదురెరుపు రకాల్లోనట. ఆ మాట ఇంకెవరి చెవినా పడకుండా అప్పుడే దాని నోరు నొక్కేశాను.

అప్పటినుంచి ముదురెరుపు కాయలే ఏరి తెస్తున్నాను. చెక్కు తీసి, తెల్లటి ముక్కలు ఆమెకు వినయంగా అందిస్తాను. తొక్కలు నేను తింటాను.

మా ఇద్దరికీ రెండేళ్లే తేడా. ఇవాళ హాల్లో ఒంటి వయసు చెప్పే అద్దం నాకు ముప్ఫై ఐదు, ఆమెకు అరవై చూపించింది.

"అద్దం చెడిపోయిందా, హైమా?" అంది సుభాషిణి.

"అద్దం బానే ఉందక్కయ్యా. మీరు కూర్చోండి, ఆపిల్ చెక్కు తీసి పెడతాను."