కదలని పిల్ల

జయమ్మ సంచి సర్దుతూనే ఉంది, సర్దడం మాత్రం కావడం లేదు. మనవరాలి గౌను ఒకటి పెడుతుంది, పరుగున వెళ్ళి కాన్వాసు మీద ఓ చుక్క అద్దుతుంది, మళ్ళీ వచ్చి ఇంకో గౌను పెడుతుంది. నాంపల్లి స్టేషన్లో విశాఖ రైలు కదలడానికి గంటే ఉంది. పిల్ల వెళ్ళేలోగా బొమ్మ పూర్తి కావాలి. ఆ మొహమైనా ఇంట్లో లేకపోతే రేపటి నుంచి ముద్ద దిగదని ఆవిడ భయం.

"జర గట్లనే కూసో బిడ్డా, ఒక్క కన్నే మిగిలింది."

ఆరేళ్ళ హైందవి కూర్చుంటేగా. కుర్చీ ఎక్కింది, దిగింది, కాన్వాసుకు ముక్కు ఆనించినంత పనిచేసి చూసింది.

"అమ్మమ్మా, ఇది నేనా, పోపేసిన ఉప్మానా?"

తప్పు పిల్లది కాదు. ఆబిడ్స్‌లో రంగులు నేర్పే కరుణాకర్ సారు గీత గీయనివ్వడు. మరకలు వెయ్యండి, వెలుగు పట్టుకోండి, దూరం నుంచి చూస్తే అదే మొహమవుతుంది అంటాడు. జయమ్మ గోడకు వీపు తగిలేదాకా వెనక్కి నడిచి చూసింది. అక్కణ్ణుంచీ ఉప్మాయే.

హైందవిని తీసుకెళ్ళడానికి వచ్చిన అల్లుడు వరప్రసాద్ ఆటో పిలిచాడు. జయమ్మ సంచి అతనికిచ్చి, తడి బొమ్మను రెండు చేతులా ఎత్తిపట్టుకుని తానూ ఎక్కింది. ఆటో అతను అద్దంలో చూసి, ఏ దేవుడి పటమమ్మా అని అడిగాడు.

రైల్లోనూ కుంచె ఆగలేదు. పిల్ల కిటికీ పక్కన, బొమ్మ జయమ్మ ఒళ్ళో. ఎక్కేవాళ్ళు రంగు అంటుతుందని ఒళ్ళు ముడుచుకుని తిట్టుకుంటూ పోతున్నారు. రైలు కూత వేసింది. నల్లటి కంట్లో తెల్లచుక్క పడింది.

"అయిపోయింది బిడ్డా," అంటూ జయమ్మ బొమ్మను పిల్ల చేతికిచ్చి, బుగ్గ ముద్దాడి, కుంచెలు ఏరుకుని, ఆనందంలో అందర్నీ తోసుకుంటూ దిగిపోయింది.

దిగాక చూసుకుంటే చేతిలో కుంచెలున్నాయి, బొమ్మ లేదు. అప్పటికే రైలు కదిలింది.

ఏసీ పెట్టె నల్లద్దం వెనక హైందవి కనిపించింది. సెలవులన్నీ నిమిషం కుదురుగా కూర్చోని పిల్ల, మెడైనా తిప్పకుండా అమ్మమ్మనే చూస్తోంది. విడిపోవడమంటే ఏమిటో దీనికీ తెలిసిపోయిందని జయమ్మ గుండె కరిగిపోయింది. ఏడుస్తూ, నవ్వుతూ, కుంచెలు ఊపుతూ పెట్టె వెంట నడిచింది. తలుపు దగ్గర నిలబడ్డ వరప్రసాద్ కూడా లోపలికి తొంగిచూసి, "బుద్ధిగా కూర్చుంది అత్తయ్యగారూ, మీరు బెంగపడకండి," అని కేకేశాడు.

ఆఖరి పెట్టె దాటిపోయింది. వెనక నుంచి ఎవరో కొంగు లాగారు.

"బొమ్మ మర్చిపోయావు అమ్మమ్మా. నా సీట్లో పెట్టి, నీకు చెబుదామని అటు తలుపులోంచి దిగాను."

జయమ్మ అల్లుడికి ఫోన్ చేసింది. ఇదిగో, కళ్ళెదురుగానే ఉంది, కిటికీ దగ్గర నుంచి కదలనే లేదు అన్నాడు వరప్రసాద్. పిల్ల ఫోన్ లాక్కుని "నాన్నా" అంది. అవతల అతను కిటికీ దగ్గరికి పరుగెత్తి, "అయ్యో, ఇది బొమ్మ!" అని అరిచాడు. ఇవతల అమ్మమ్మా మనవరాలూ ప్లాట్‌ఫారం మీదే కూలబడి, కడుపు పట్టుకుని నవ్వారు.

వరప్రసాద్ సికింద్రాబాద్‌లో కంగారుగా సంచి ఒక్కటే పట్టుకుని దిగి, ఆ రాత్రికే తిరిగొచ్చాడు. మొన్న మే నెల ఆఖరి ఆదివారం ఆ రైల్లో వెళ్ళిన బొమ్మ మాత్రం తిరిగి రాలేదు.