మరో రాయికి పేరు

“ఆ బండ దించొద్దప్పా హెన్రీ,” అంది విశ్వాసమ్మ. ఆ గొంతులో కోపమూ లేదు, కన్నీరూ లేదు.

‘లేవి’ అని అన్న పేరు చెక్కించి ఆటోలో తెచ్చిన సమాధి బండ మీద మరిది చెయ్యి ఆగిపోయింది. “అన్న పోయి ఏడాదాయె వదినా. పేరు లేకుండా ఈ మట్టికుప్పేనా? ఊరంతా నవ్వుతాండాది.”

“నవ్వనీ. గనిలో బండ కింద పోయిన మనిషి మీద మళ్లా బండ మోపుతావా?”

హెన్రీ బండ మీది నుంచి చెయ్యి తీసేశాడు.

కర్నూలు కాలేజీలో చదివే కూతురు ఆరాధన బెరుకుగా దగ్గరికొచ్చింది. “అమ్మా, మేం కనిపెట్టిన గ్రహశకలానికి నాయన పేరు పెట్టమంటాండారు సార్లు. పెట్టనా?”

“అదీ రాయే కదా పాపా.”

“రాయే. అంగారకుని అవతల, సూర్యుని చుట్టూ తిరుగుతాంటాది.”

“దాని కింద ఎవరుండారు?”

“ఎవరూ లేరమ్మా. ఆడ పైన, కింద అనేవే లేవు.”

ఏడాదిగా నేలకు అంటుకుపోయిన చూపును విశ్వాసమ్మ మెల్లగా పైకెత్తింది. మిట్టమధ్యాహ్నపు ఆకాశంలో ఏమీ కనబడలేదు. అయినా శానాసేపు చూసింది.

“దానికి పెట్టు పాపా,” అంది. “ఈడ మట్టే ఉండనీ.”