పచ్చి నీళ్లు

పెరట్లోని రాతితొట్టి వానకు నిండేసరికి, ఒంటరి కప్ప మురిసిపోయి వాగులోని చేపపిల్లలను పిలవబోయింది.

"ఆగవే అమ్మాయ్! నీళ్లింకా పచ్చివి. చేపల మురికిని అరిగించుకునే శక్తి వాటికి రాలేదు. నాచు పట్టనీ," అంది తొట్టి గోడ మీది ముసలి నత్త.

"అద్దంలా ఉన్నాయి కదత్తా!" అంటూ కప్ప రెండు చేపపిల్లలను తెచ్చేసుకుంది.

నాలుగోనాటికి అవి పైకొచ్చి ఊపిరికి నోళ్లు తెరిచాయి. కప్ప ఒక్కొక్కదాన్నే నోట కరుచుకుని వాగుకు పరుగెత్తింది. ఒకటి ఈదుకుంటూ పోయింది. రెండోది కదల్లేదు. దాని పక్కనే కప్ప చాలాసేపు కూర్చుండిపోయింది.

నెల తిరిగింది. తొట్టి రాళ్లకు పచ్చగా నాచు పట్టింది.

"ఇక పిలుచుకోవే," అంది నత్త.

కప్ప నీళ్లలోకి తొంగిచూసింది.

"ఇంకో వారం ఆగుదాం అత్తా."