ముప్పై ఏడో నంబరు

"ముప్పై ఏడో నంబరు పిల్లకి ఏం పడిందో చెప్పండి మేడమ్. అది చెప్పాకే ఫోన్లు."

పెద్ద నర్సు తలుపుకి అడ్డంగా నిలబడి ఉంది. ఇరవై ఏళ్ళుగా పసిపిల్లలకి సూదులు వేస్తున్న మనిషి. ఆ గదిలో ఏనాడూ ఎవరి మీదా గొంతు పెంచి ఎరగదు.

బల్ల మీద సీలు వేసిన కవరు, పక్కన ఫోను. టీకా పరీక్ష ఆపేశామనీ, కవరు చించి, అసలు మందు పడిన పిల్లల ఇళ్ళకి వెంటనే ఫోన్లు చెయ్యమనీ పొద్దున్నే పైనుంచి ఆర్డరు వచ్చింది. మొత్తం తొంభై మంది పిల్లలు. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్త ఉప్పునీళ్ళు. సీసాల మీద పిల్లల నంబర్లే ఉంటాయి, ఎవరికి ఏది అన్నది ఈ కవరుకే తెలియాలి. టీకా తయారుచేసిన మేడమ్‌కే తెలియదు.

ల్యాబులో అందరూ ఆవిణ్ణి 'పూసల మేడమ్' అంటారు. భయపడి వచ్చిన తల్లులకి ఆవిడ చెప్పే మాటలు అలాంటివి. "ఇందులో వైరస్సే లేదమ్మా. దాని ఒంటి మీది చిన్న ముక్కని చూసి, అచ్చం అలాంటిదే పూస పక్కన పూస గుచ్చినట్టు మేమే గుచ్చాం. దొంగ లేడు, దొంగ ఫొటో మాత్రమే ఉంది. అది చూపించి ఉంచితే, రేపు దొంగ వచ్చినప్పుడు ఒళ్ళు వాణ్ణి గుర్తుపడుతుంది."

అలా పదకొండేళ్ళు గుచ్చింది. చంటిపిల్లల ఊపిరి పట్టేసే ఆ జ్వరం ఈ చలికాలం రానే వచ్చింది. ఫొటో చూసిన ఒళ్ళు దొంగని గుర్తుపట్టిన మాట నిజమే. కానీ పట్టుకోవడం చేతకాక, ఆ కంగారులో సొంత ఇంటికే నిప్పు పెట్టుకుంది. తొమ్మిది మంది పిల్లలు ఆస్పత్రిలో చేరారు. తొమ్మిది మందికీ పడింది అసలు మందే అని పైవాళ్ళు నిన్న తేల్చారు. వాళ్ళలో ఇద్దరు ఇవాళ లేరు.

"రూలు మీకు తెలియంది కాదు అక్కా. కన్నవాళ్ళకి తప్ప ఇంకెవరికీ చెప్పకూడదు," అంది మేడమ్ నీరసంగా.

"కన్నదానికి నేను చెప్పుకుంటాను. అది నా కూతురే."

కవరు దాకా వెళ్ళిన కత్తెర అక్కడే ఆగిపోయింది.

"ముప్పై ఏడు మీ మనవరాలా? నాకు చెప్పనే లేదేం?"

"చెబితే చేర్చుకునేవారా? ఇంటిపేరు వేరు కదా, ఎవరూ పోల్చుకోలేదు." పెద్ద నర్సు కొంగుతో మూతి తుడుచుకుంది. "దాని అన్న ఈ జ్వరంతోనే పోయాడు. దీన్నైనా దక్కించుకుందామని నేనే పోరాను. అల్లుడు వద్దు మొర్రో అన్నా వినలేదు. చంకనేసుకుని తెచ్చి, నా చేత్తోనే వేశాను. నిన్నటి నుంచి దగ్గుతోంది మేడమ్."

మేడమ్ కవరు అంచు కత్తిరించి కాగితం బయటికి తీసింది. వేలు వరస వెంబడి దిగింది. ముప్పై అయిదు, అసలు మందు. ముప్పై ఆరు, అసలు మందు. ఆ కిందికి దిగడానికి వేలు మొరాయించింది. రెండో చేత్తో కళ్ళజోడు సర్దుకుని చూసింది. మళ్ళీ చూసింది.

"అక్కా!" అని అరిచినంత పని చేసింది. "ఉప్పునీళ్ళు! మీ పిల్లకి పడింది ఉత్త ఉప్పునీళ్ళు!"

పెద్ద నర్సు కదల్లేదు.

"వినపడిందా? మన మందు చుక్క కూడా పడలేదు. ఆ దగ్గు మామూలు దగ్గే అయ్యుంటుంది. సాయంత్రం తీసుకురండి, నేనే దగ్గరుండి చూపిస్తాను."

ఆ మాటలంటుంటే మేడమ్‌కి కళ్ళు చెమర్చాయి. ఆస్పత్రిలో చేరినవాళ్ళు పోను, ఇవాళంతా ఇంకా ముప్పై ఆరు ఇళ్ళల్లో నిప్పులు పొయ్యాలి. పదకొండేళ్ళ చాకిరీకి మిగిలింది ఆ పని. అందులో ఒక్క మనిషికైనా చల్లటి కబురు చెప్పగలిగింది.

పెద్ద నర్సు తలుపుకి వీపు ఆనించి అలాగే నేల మీదికి జారిపోయింది. ఒళ్ళు తేలికపడితే ఒక్కోసారి అంతే, కాళ్ళు నిలవవు అనుకుంది మేడమ్. గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి, పక్కనే నేల మీద చతికిలబడి భుజం మీద చెయ్యి వేసింది.

"ఏడవండి అక్కా, పరవాలేదు. ఇక్కడ చూసేవాళ్ళెవరూ లేరు."

పెద్ద నర్సు ఏడవలేదు. గ్లాసు అందుకోనూ లేదు.

"ముప్పై ఎనిమిది ఏంటి మేడమ్?" అంది.

"వాళ్ళెవరు?"

"ఆ రోజు మా పిల్ల వెనకాలే వచ్చిన బాబు. ఒక్కసారి చూడండి. వాడిదీ ఉప్పునీళ్ళేనేమో, చూడండి మేడమ్."

మేడమ్ లేచి కాగితం చూసింది. "కాదక్కా. అసలు మందు. పాపం, ముందు వాళ్ళింటికే చేస్తాను," అంటూ ఫోను అందుకుంది.

పెద్ద నర్సు నేల మీంచే చెయ్యి చాచి ఆవిడ చీర కుచ్చెళ్ళు పట్టుకుంది.

"ఆ బాబుకేం కాదు, వాళ్ళకి చెయ్యకండి. సీసా ఊపితే అసలు మందు కాస్త తెల్లగా తిరుగుతుంది మేడమ్, ఉప్పునీళ్ళు తిరగవు. మా పిల్లకి మంచిది పడాలని ఆ రెండు సీసాలూ నేనే మార్చేశాను."