డిబేట్ క్లబ్బు బతికిన రోజు

“డిబేట్ క్లబ్బును కూడా పోయినవాటిలో కలిపి రాసెయ్యండి, మాస్టారూ. ఈ గది నాకు కావాలి” అన్నారు ప్రిన్సిపాల్ ఫాదర్, గుమ్మంలోనే నిలబడి.

మాస్టారు రాస్తున్న కలం పక్కన పెట్టారు. కాలేజీ వార్షికోత్సవ పుస్తకానికి విద్యార్థి క్లబ్బుల చరిత్ర రాసే పని ఆయన నెత్తినే పడింది. తీరా రాయబోతే అది చరిత్రలా లేదు, చావు కబుర్లలా ఉంది. నాటకాల క్లబ్బు పోయింది. కొండలెక్కే క్లబ్బు ఎవడో కాలు విరగ్గొట్టుకోవడంతో మూతపడింది. తపాలా బిళ్ళల క్లబ్బు ఎప్పుడు పోయిందో చెప్పే నాథుడే లేడు. మిగిలింది ఆయన నడిపే ఈ డిబేట్ క్లబ్బు ఒక్కటే. ఇదీ పోతే ఇన్నాళ్ళూ తను చేసిందేమిటని ఆయన బెంగ.

“ఇది ఇంకా బతికే ఉంది, ఫాదర్.”

“ఎంతమందున్నారేమిటి?”

మాస్టారు నీళ్ళు నమిలారు. “ఒకమ్మాయి.”

“ఒక్కర్తేనా! ఎవరితో వాదిస్తుంది, గోడతోనా?”

“నాతో” అన్నారు మాస్టారు, చిన్నబోయి.

ఆ ఒక్కర్తీ ముందు బెంచీలో కూర్చుని అంతా వింటూనే ఉంది. కాలేజీలో అందరూ ఆమెను లాయరమ్మ అని ఏడిపిస్తారు. చివాలున లేచి నిలబడింది.

“మూసేదుంటే వాదించి మూసెయ్యండి, ఫాదర్. ఈ గదిలో ఏదైనా అలాగే తేలాలి.”

ఫాదర్‌కు నవ్వొచ్చింది. “సరే, కానీ. క్లబ్బు ఉండాలనే తేలితే ఇక మీ జోలికి రాను. మాటిస్తున్నా.”

క్లబ్బు పద్ధతేమిటో మాస్టారు చెప్పారు. ఎవరు ఏ పక్షమో చీటీలు తేలుస్తాయి. మనసులో ఏమున్నా సరే, చీటీలో వచ్చిన పక్షం తరఫునే నిజాయితీగా వాదించాలి. మొక్కుబడిగా మాట్లాడితే ఒప్పుకోరు. తీర్పు మాస్టారిది.

సుద్దముక్కల డబ్బాలోంచి చెరో చీటీ తీశారు. క్లబ్బును ఉంచాలన్న చీటీ ఫాదర్‌కు వచ్చింది. మూసెయ్యాలన్నది లాయరమ్మకు వచ్చింది.

ఆమె మొహం పాలిపోయింది. మాస్టారికి మాత్రం పోయిన ప్రాణం లేచొచ్చింది. పిల్ల నాలుగు ముక్కలు నసిగి కూర్చుంటే చాలు, క్లబ్బు గట్టెక్కుతుంది! ఆమె పక్కకు చేరి గొంతు తగ్గించారు.

“నలతగా ఉన్నట్టున్నావు కదమ్మా. త్వరగా ముగించేసినా పర్లేదు.”

“బాగానే ఉన్నానండీ.”

ముందు ఫాదర్ మాట్లాడారు. యువతే రేపటి వెలుగన్నారు. వాక్చాతుర్యం దేవుడిచ్చిన వరమన్నారు. రోజూ ఉదయం ప్రార్థనలో చెప్పేదే అటూ ఇటూ చేసి అప్పజెప్పి, కిటికీలోంచి వాన తగ్గిందేమోనని చూసి కూర్చున్నారు.

లాయరమ్మ లేచింది. ఖాళీ బెంచీల వైపు చేయి చూపించింది.

“ఇక్కడ నేను మాట్లాడితే మాస్టారు వింటారు. మాస్టారు మాట్లాడితే నేను వింటాను. ఇద్దరం ఒకరి మీద ఒకరు జాలిపడి మెచ్చుకుంటాం. ప్రార్థనకైనా పైన వినేవాడొకడుంటాడు, ఫాదర్. మా మాటలకు ఎవరూ లేరు. మాస్టారు రిటైరైపోయినా ఈ గది కోసం జ్వరంతో కూడా వస్తున్నారు. ఆయన రాకపోతే నేనేమైపోతానోనని ఆయన భయం. నేను మానేస్తే ఆయనేమైపోతారోనని నా భయం. భయంతో నడిచేదాన్ని క్లబ్బు అనరు. ప్రాణం పోయినవాళ్ళను సాగనంపాలి. పక్కన కూర్చుని గ్లూకోజు ఎక్కిస్తూ ఉండకూడదు.”

చివరి మాట అనేసి ఆమె కూర్చుంది. ఫాదర్ కిటికీ సంగతి మరిచిపోయారు. మాస్టారు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీశారు. ఆ గదిలో అంత గొప్ప ప్రసంగం ఆయన ఎన్నడూ వినలేదు. ఎంత సంతోషం కలిగిందో అంత ఏడుపూ వచ్చింది.

“తీర్పు చెప్పండి మరి” అన్నారు ఫాదర్, మెల్లగా.

మాస్టారు కళ్ళజోడు పెట్టుకున్నారు.

“ఫాదర్ గెలిచారు. క్లబ్బు ఉంటుంది.”

“నేనా?” ఫాదర్ నోరు తెరిచారు. “నేనేం మాట్లాడానని?”

“మీరే గెలిచారు.”

ఫాదర్ ఆయన మొహంలోకి చూశారు. “ఇచ్చిన మాట మాటే. గది మీదే” అని భుజం తట్టి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

మాస్టారి సంతోషానికి పట్టపగ్గాల్లేవు. కాగితాలు ముందేసుకుని కలం తీశారు. క్లబ్బు నేటికీ నడుస్తోందని గుండ్రంగా, పెద్ద అక్షరాలతో రాశారు. లాయరమ్మ వచ్చి బల్ల ముందు నిలబడింది.

“నా వాదనలో తప్పేమిటండీ?”

“తప్పా? ఏమీ లేదమ్మా.”

“మరి ఓడిపోయానన్నారే?”

మాస్టారు తలెత్తలేదు. “అన్నీ అలా తవ్వకమ్మా. నీ కోసమే కదా. క్లబ్బు బతికింది, అంతే చాలు.”

ఆమె ఓణీకి పెట్టుకున్న క్లబ్బు బ్యాడ్జీ విప్పి, ఇంకా తడారని ఆ అక్షరాల పక్కన పెట్టింది.

“తీర్పు అబద్ధమని తెలిశాక ఇక్కడ ఇంకేం వాదించను, మాస్టారూ? నేను మానేస్తున్నాను.”