గౌరినాయుడి ఊకొట్టు పెట్టె

తీరిక లేనివాళ్ల కోసం ఊకొట్టే పెట్టెలు వచ్చాక గౌరినాయుడు కూడా ఒకటి కొని జేబులో వేసుకున్నాడు. అతని పెళ్లాం సూరీడమ్మకు దెయ్యాల నవలలంటే ప్రాణం. ఒంటరిగా చదవాలంటే మాత్రం భయం. పక్కన మనిషి ఊకొడుతుంటే పైకి చదువుతుంది. నాయుడు పక్కనే కూర్చుని, పొలంలో మందు కొట్టే డ్రోన్‌ను ఫోనులో చూసుకునేవాడు. ఊకొట్టేది జేబు.

"నెల్లో పది నవలలు అవగొట్టీసినాను" అని టీకొట్టులో గొప్పలు కూడానూ.

సూరీడమ్మకు అనుమానం వచ్చింది. ఒకరోజు పుస్తకంలోంచి తల ఎత్తకుండా, "దెయ్యం గౌరినాయుడి పీక కొరికీసింది" అని చదివింది.

"ఊ, బాగుంది. తర్వాతేటయింది?" అంది జేబు.

"ఇంకేటవుద్ది, నాను బొట్టు తీసీసినాను."

"ఊ."

నాయుడు ఫోను చూసుకుంటూనే ఉన్నాడు.

మర్నాడు ఆమె చదివే పెట్టె కొంది. ఇప్పుడు ఒక పెట్టె చదువుతుంటే ఇంకోటి ఊకొడుతుంది. మొగుడూ పెళ్లాలు చెరో పనికి పోతున్నారు. ఊళ్లో అందరికన్నా ఎక్కువ పుస్తకాలు చదివిన ఇల్లని మొన్న పంచాయతీవాళ్లు వాళ్లకే శాలువా కప్పారు.